మే 1: రేసింగ్ చరిత్రలో ఈ ఒక్క తేదీన ఏమేం జరిగాయి?

పిట్‌బోర్డ్ అడిగిన ప్రశ్న

మే 1 మీద ఒక క్విజ్ రౌండ్ తయారవుతోంది. ఇప్పటికి చేతిలో ఉన్నవి నాలుగు: 1955లో ఇటలీ రోడ్డు రేసు మిల్లె మిల్యాలో స్టిర్లింగ్ మాస్ గెలుపు, 1988లో ఇటలీలోని ఇమోలా ట్రాక్ మీద ఫార్ములా వన్ డ్రైవర్ ఐర్టన్ సెన్నా "తొలి విజయం", 1994లో అదే ఇమోలాలో రాట్జెన్‌బర్గర్, సెన్నాల మరణాలు, ఆ మరుసటి రేసుకే కార్ల కింద చెక్కపలక తప్పనిసరి కావడం. ఇందులో తప్పులేమైనా ఉన్నాయా? వదిలేసినవి ఏవి? పేరు, సంవత్సరం చెప్పేస్తే అయిపోయే ప్రశ్నలు వద్దు. ఎందుకు, ఎలా అని అడగదగ్గ వివరాలు కావాలి.

క్రాంక్‌షాఫ్ట్

నాలుగింటిలో మూడింటికి సవరణలు కావాలి. అవి కింద ఎవరో ఒకరు చెప్తారు. ముందు వెతికే పద్ధతి చూద్దాం.

పెద్ద రేసుల్లో ఎక్కువ భాగం ఆదివారమే జరుగుతాయి. కాబట్టి మే 1 ఆదివారం పడిన సంవత్సరాలు రాసుకుంటే సగం పని అయినట్టే: 1955, 1960, 1966, 1977, 1983, 1988, 1994, 2005, 2011, 2016, 2022. మళ్లీ 2033 దాకా లేదు. మీ జాబితాలోని మూడు సంవత్సరాలూ ఇందులోనే ఉన్నాయి, అది కాకతాళీయం కాదు. ఎవరైనా "మే 1, 1982" అంటూ గ్రాండ్ ప్రి ఫలితం చూపిస్తే అది శనివారం, కాబట్టి ముందు అనుమానించండి. శనివారం రేసులు అసలే లేవని కాదు, క్వాలిఫయింగ్‌నో (స్టార్ట్ వరస తేల్చే సెషన్) మరో సెషన్‌నో రేసు అని రాసేయడం ఎక్కువ.

ఈ లెక్కన మీ జాబితాలో లేని వాటిలో చేర్చదగ్గవి 1983, 2016, 2022.

సందుమలుపు

1955 సంగతి. మిల్లె మిల్యా ఆ ఏడాది మొదలైంది ఏప్రిల్ 30 రాత్రి 9కి. బ్రెషా నుంచి చిన్న కార్లు ముందు, పెద్దవి చివర, నిమిషానికొకటి చొప్పున వదిలారు. కారు మీద అంకె అంటే అది బయల్దేరిన టైమే. మాస్ మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ మీద 722 ఉంది, అంటే ఉదయం 7:22. అదే జట్టులోని ఫాంజియో కారు 658, అంటే 6:58. క్విజ్‌కి ఇంతకంటే మంచి ప్రశ్న దొరకదు: అంకె చూపించి, ఇది ఏమిటో చెప్పమనండి.

బ్రెషా నుంచి రోమ్ దాకా వెళ్లి మళ్లీ బ్రెషాకి, దాదాపు 1,597 కిలోమీటర్లు, మామూలు రోడ్ల మీద. మాస్ టైమ్ 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లు, సగటు గంటకు 157.65 కి.మీ. రెండో స్థానంలో వచ్చిన ఫాంజియో ఒంటరిగా నడిపాడు. అరగంటకు పైగా వెనకబడ్డాడు.

అంత తేడా ఎక్కడ వచ్చింది? కొంత ఫాంజియో ఇంజిన్ మొరాయించడం వల్ల, కానీ ఇద్దరిదీ అదే రకం కారు. అసలు తేడా పక్క సీట్లో ఉంది. మాస్ పక్కన కూర్చున్న డెనిస్ జెంకిన్సన్ అనే విలేకరి ముందే దారంతా తిరిగి మలుపులు, దిబ్బలు, రైలు గేట్లు అన్నీ నోట్స్ రాసుకున్నాడు. దాన్ని దాదాపు 5 మీటర్ల కాగితపు చుట్టగా చేసి, కిటికీ ఉన్న అల్యూమినియం పెట్టెలో రెండు రోలర్ల మధ్య పెట్టారు. ఒకటి తిప్పితే రాబోయే మలుపు కిటికీలోకి వస్తుంది. ఇంజిన్ మోతలో మాట వినపడదు కాబట్టి చెప్పడమంతా చేతి సైగలతోనే, పదిహేను దాకా సైగలు. కొండ ఎక్కి అవతల ఏముందో కనపడని చోట ఫాంజియో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. మాస్ తీయనక్కర్లేదు. ఇప్పటి ర్యాలీల్లో పేస్ నోట్స్ అంటున్నది ఇదే పని.

ఆ సగటు ఎప్పటికీ చెదరదు. 1957లో గ్విడిజోలో దగ్గర డి పోర్తాగో ఫెరారి జనంలోకి దూసుకెళ్లాక పూర్తి వేగపు రేసుగా మిల్లె మిల్యా ఆగిపోయింది.

టర్బోలాగ్

"సెన్నా తొలి విజయం" అని రాయకండి, కొట్టుకుపోతారు. కెరీర్‌లో తొలి విజయం 1985 ఏప్రిల్ 21న ఎస్టోరిల్‌లో, వానలో, లోటస్‌తో. 1988 మే 1న వచ్చింది మెక్‌లారెన్‌తో తొలి గెలుపు.

అసలు చూడాల్సింది ఆ గెలుపులోని అంతరం. క్వాలిఫయింగ్‌లో సెన్నా, అతని జట్టు సహచరుడు ప్రోస్ట్ మొదటి రెండు స్థానాల్లో ఉంటే, మూడో స్థానంలోని పికే సెన్నా కంటే మూడు సెకన్లకు పైగా వెనక. పికే లోటస్‌లో ఉన్నదీ అదే హోండా టర్బో. అంటే తేడా ఇంజిన్‌లో లేదు, మిగతా కారులో ఉంది. రేసులో ఇద్దరు మెక్‌లారెన్ డ్రైవర్లూ కలిసి మిగతా అందరినీ ఒక ల్యాప్ వెనక్కి నెట్టారు. మూడోవాడు పికేనే, అతనూ ఒక ల్యాప్ తక్కువే. స్టార్ట్‌లో తడబడి వెనకబడిన ప్రోస్ట్ చివరికి సెన్నాకి రెండు సెకన్ల చిల్లర దూరంలో ఫినిష్ చేశాడు.

ఇంధనం లెక్క కూడా ఒక ప్రశ్న చేయండి. ఆ ఏడాది టర్బో కార్లకు బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) 2.5 బార్‌కు మించకూడదు, రేసు మొత్తానికి పెట్రోలు 150 లీటర్లే. టర్బో లేని కార్లకు పెట్రోలు హద్దు లేదు. ఇమోలా అప్పుడు 5.04 కి.మీ., 60 ల్యాపులు, అంటే 302.4 కి.మీ. కిలోమీటరుకు అర లీటరు దాటితే గీత దాకా రారు. టర్బోలను తొక్కిపెట్టడానికే ఆ నిబంధన పెట్టారు. ఆ ఏడాది 16 రేసుల్లో 15 మెక్‌లారెన్‌వే కావడం తర్వాతి ముచ్చట.

క్రాంక్‌షాఫ్ట్

1983 సంగతి రెండు మాటల్లో. అదీ ఇమోలానే. గెలిచింది ఫెరారి 27 నంబర్‌లో పాట్రిక్ తాంబే. అది జిల్ విల్నెవ్ నంబర్. విల్నెవ్ 1982 మే 8న జోల్డర్‌లో చనిపోయాక ఆ సీటు తాంబేకి వచ్చింది. బ్రాబమ్ కారు నడిపిన ఇటాలియన్ పత్రేసే పిట్‌స్టాప్‌లో ఆగాల్సిన చోటు దాటి ముందుకెళ్లి సమయం పోగొట్టుకున్నాడు. చివర్లో తాంబేని దాటాడు, అదే ల్యాప్‌లో ఆక్వే మినరాలి మలుపు దగ్గర ట్రాక్ తప్పి రేసు నుంచి వైదొలిగాడు. సొంత దేశస్థుడు రేసు పోగొట్టుకున్నాడని బాధపడాల్సిన ఇటాలియన్లు చప్పట్లు కొట్టారు. అక్కడ ముందు ఫెరారి, తర్వాతే దేశం!

టాంబురెల్లో

1994 గురించి. ముందు తేదీల గందరగోళం తేలుద్దాం.

డ్రైవర్ బారికెల్లో ప్రమాదం (అతను బతికాడు) ఏప్రిల్ 29, శుక్రవారం. రాట్జెన్‌బర్గర్ మరణం ఏప్రిల్ 30, శనివారం, క్వాలిఫయింగ్‌లో. అతని సిమ్‌టెక్ కారు ముందు వింగ్ ఊడి కారు తిరగక, విల్నెవ్ మలుపు దగ్గర గోడకు కొట్టుకుంది. మే 1న అతన్ని చేర్చకండి, ఇది చాలామంది చేసే తప్పు. మే 1, ఆదివారం, సెన్నా ప్రమాదం స్థానిక సమయం 14:17కి, మరణించినట్టు వైద్యులు ప్రకటించింది 18:40కి.

ఆ రోజు వరస ఇది. స్టార్ట్‌లో లెహ్‌టో బెనెటన్ కదలలేదు. వెనకనుంచి వచ్చిన లామీ లోటస్ దాన్ని గుద్దింది, ముక్కలు ప్రేక్షకుల మీదికి ఎగిరాయి. రేసు కార్లను నెమ్మదిగా తన వెనక నడిపించే సేఫ్టీ కార్ దిగింది. అది ఓపెల్ వెక్ట్రా. రేసు కారుకి టైర్ల వేడి నిలబెట్టేంత వేగం దానికి లేదు. ఐదో ల్యాప్ చివర సేఫ్టీ కార్ పక్కకి తప్పుకుంది, ఏడో ల్యాప్‌లో టాంబురెల్లో అనే మలుపులో సెన్నా విలియమ్స్ కారు నేరుగా వెళ్లిపోయింది. ట్రాక్ వదిలేటప్పుడు గంటకు సుమారు 310, గోడకు తగిలేటప్పటికి 210 ప్రాంతం.

వేగం తగ్గితే టైరుకేమవుతుందో చూడండి. లోపలి గాలి ఉష్ణోగ్రత 90 డిగ్రీల నుంచి 60కి దిగిందనుకుంటే సంపూర్ణ పీడనం సుమారు 8 శాతం పడిపోతుంది (333ని 363తో భాగించండి). ఆ మేరకు టైరు కుంగుతుంది, కారు అడుగుకీ రోడ్డుకీ మధ్య సందు కొన్ని మిల్లీమీటర్లు తగ్గుతుంది. టాంబురెల్లోలో రోడ్డు ఎగుడుదిగుడు. కారు అడుగు నేలకి తగిలిన క్షణంలో కిందినుంచి గాలి ప్రవాహం తెగుతుంది, డౌన్‌ఫోర్స్, అంటే గాలి కారును నేలకి అదిమే బలం, పోతుంది. ఆ ఏడాది యాక్టివ్ సస్పెన్షన్ నిషేధించారు కాబట్టి ఆ సందును సరిచేసే యంత్రం ఏ కారులోనూ లేదు.

గోడని ఎందుకు వెనక్కి జరపలేదంటే, దాని వెనకే సాంతెర్నో నది. 1989లో బెర్గర్ కారు ఇదే చోట తగలబడ్డాక కూడా గోడ అక్కడే ఉండిపోయింది. 1995కి మలుపునే షికేన్‌గా, అంటే వేగం తగ్గించే ఎడమ-కుడి మెలికగా, మార్చారు.

అదే రోజు మరొకటి, దాదాపు ఎవరూ గుర్తుచేయనిది: పిట్స్ నుంచి బయటికెళ్తున్న అల్బొరేతో మినార్ది చక్రం ఊడి మెకానిక్‌లకు గాయాలయ్యాయి. పిట్‌లేన్‌లో వేగానికి హద్దు పెట్టడానికి దారితీసింది అదే.

పిట్‌బోర్డ్

సెన్నా కారులో స్టీరింగ్ కాలమ్ (స్టీరింగ్ చక్రం వెనక ఉండే కడ్డీ) విరిగిందంటారు కదా? దాన్నే కారణంగా రాయొచ్చా?

లేత్‌మెషిన్

"విరిగి ఉంది" అని రాయండి, "అదే కారణం" అని రాయకండి. విరిగిన కాలమ్‌లో అలసట పగుళ్లు, అంటే పదేపదే భారం పడి పుట్టిన పగుళ్లు, కనిపించాయి. వివాదమంతా అది గోడకు తగిలే ముందే పూర్తిగా తెగిందా, తగిలినప్పుడు తెగిందా అన్నదే. కింద నేల తగిలిందనే వాదన పక్కనే నిలబడి ఉంది. 2007లో ఇటలీ అత్యున్నత కోర్టు కాలమ్‌లో జట్టు చేసిన మార్పు డిజైన్, తయారీ రెండూ బాగాలేవని, బాధ్యత విలియమ్స్ సాంకేతిక అధిపతి పాట్రిక్ హెడ్‌దని తేల్చింది. అప్పటికే కాలపరిమితి దాటినందువల్ల శిక్ష లేదు.

మార్పు ఏమిటంటే, కాక్‌పిట్‌లో చేతులకు చోటు చాలడం లేదని సెన్నా అడిగితే, కాలమ్‌లో కొంత భాగాన్ని 22 మి.మీ. వ్యాసం నుంచి 18 మి.మీ.కి తగ్గించి వెల్డ్ చేశారు. మెలితిప్పే బలం అదే ఉన్నప్పుడు లోపల బోలు లేని కడ్డీలో ఒత్తిడి వ్యాసం ఘనానికి విలోమంగా పెరుగుతుంది. 22ని 18తో భాగించి ఘనం చేస్తే 1.83. గొట్టానికి గోడ మందాన్ని బట్టి ఈ అంకె మారుతుంది గానీ దిశ అదే. ఇక లావు, సన్నం కలిసే మెట్టు దగ్గర గుండ్రని వంపు ఇవ్వకపోతే ఒత్తిడంతా ఆ మూలలో గుమిగూడుతుంది. పగులు పుట్టేది అక్కడే. ఏ వర్క్‌షాప్‌లోనైనా షాఫ్ట్ మీద మెట్టు పడితే మూలని గుండ్రంగా తీయమని చెప్పేది ఇందుకే.

టాంబురెల్లో

చెక్కపలక "మరుసటి రేసుకే" కాదు. మరుసటి రేసు మొనాకో, మే 15. మే 29న స్పెయిన్‌లో డిఫ్యూజర్లు (కారు వెనక అడుగున గాలిని బయటికి పంపే భాగాలు) కురచ చేశారు. పలక వచ్చింది జూలై 31న జర్మనీలో, హాకెన్‌హైమ్‌లో: 10 మి.మీ. మందం, అరుగుదలకు 1 మి.మీ. సడలింపు. కారు మరీ కిందికి దిగితే పలక అరిగిపోతుంది, తనిఖీలో దొరికిపోతారు. ఆగస్టు 28న స్పాలో గెలిచిన షూమాకర్‌ని డిస్‌క్వాలిఫై చేసింది ఈ అరుగుదలకే.

టర్బోలాగ్

మిగిలినవి రెండు. 2016 మే 1, రష్యాలోని సోచి: రోస్‌బర్గ్‌కి వరసగా ఏడో విజయం, ముందు ఏడాది చివరి మూడు, ఆ ఏడాది మొదటి నాలుగు. నాలుగు రేసుల తర్వాత సరిగ్గా 100 పాయింట్లు. అదే రేసు మొదటి ల్యాప్‌లో క్వ్యాట్ వెటెల్‌ని రెండుసార్లు గుద్దాడు. నాలుగు రోజులకి రెడ్‌బుల్ జట్టు క్వ్యాట్‌ని తన చిన్న జట్టు టోరో రోసోకి పంపి వెర్‌స్టాపెన్‌ని తీసుకుంది. మే 15న బార్సెలోనాలో 18 ఏళ్ల వెర్‌స్టాపెన్ గెలిచేశాడు. "మే 1న ఎవరు ఎవరిని గుద్దడం వల్ల ఫార్ములా వన్‌కి అతి పిన్న విజేత దొరికాడు?" అని అడగండి.

బైకులు కూడా లెక్కేస్తే 2022 మే 1, హెరెస్ మోటోజీపీ: పోల్ (మొదటి స్థానం) నుంచి బయల్దేరిన బన్యాయా క్వార్తరారోని చివరిదాకా వెనకే ఉంచి గెలిచాడు. ఆ ఏడాది టైటిల్ కూడా అతనిదే.