పిటాంగా పండులో జిగురు వాసన: లోపం మొక్కదా, కోతదా?

ప్రశ్న (తిరుచానూరు): మామిడి తోటకు కంచెగా బ్రెజిల్, ఉరుగ్వే ప్రాంతాల పొద అయిన పిటాంగాను, అంటే సూరినాం చెర్రీని నాటాలనుకుంటున్నాను. పెరట్లో ఉన్న మొక్క తొలి కాపు కాసింది గానీ, నారింజ రంగులో ఉండగా కోసిన పండు చెట్టు జిగురు వాసన వేసింది. పెంచినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (చిత్తూరు): తొందరపడి కోశారండి. రాచ ఉసిరికాయలా గాడులు తేలిన ఈ పండు ముదురు ఎరుపుకు తిరిగి, వేలు తగలగానే అరచేతిలోకి రాలేదాకా ఆగాలి. అప్పటికీ కాస్త వాసన మిగిలితే, చీల్చి గింజ తీసి, చక్కెర చల్లి కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఘాటు తగ్గి రసం ఊరుతుంది. బ్రెజిల్‌లో రసం, జెల్లీ చేసుకుంటారు. ఈగలు రాకుండా ఆకులను నేలమీద పరిచే అలవాటు కూడా అక్కడ ఉండేది.

జవాబు (చంద్రగిరి): గింజ నెల దాటితే మొలకెత్తే శక్తి కోల్పోతుంది కనుక తీసిన వెంటనే నాటండి, మూడు నాలుగు వారాల్లో మొలుస్తుంది. నీరు నిలవని ఎర్రనేల చాలు, కాయ ఊరేటప్పుడు మాత్రం తడి తప్పకూడదు. కంచెగా తరచూ కత్తిరిస్తే కాపు తగ్గుతుంది. మామిడికి పట్టే పండు ఈగ దీనిమీదికీ వస్తుంది, రాలిన పండ్లను ఏరి పూడ్చండి. ఫ్లోరిడాలో పక్షులు గింజలు చల్లగా ఇది అడవి మొక్కలను అణచివేసింది. శేషాచలం అంచున ఉన్నవారు నాటవద్దని నా మనవి.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలండి. కంచె ఆలోచన మానుకుని, ఉన్న ఒక్క పొదనే జాగ్రత్తగా పెంచుతాను.