సర్వేలో ‘అందరికీ ఆదాయం’ ప్రశ్న ఎలా అడగాలి?

పీజీ ప్రాజెక్టు కోసం దేవరకొండ వైపు రెండు ఊళ్లలో సర్వే చేస్తున్నాను. పేద, ధనిక తేడా లేకుండా ప్రతి మనిషికీ ప్రభుత్వం నెలనెలా ఒకే మొత్తం ఇస్తే జనం ఏమంటారన్నదే విషయం. మూడు వారాల్లో 40 ఇళ్లు తిరిగాను, ఒక్క జవాబునూ నమ్మలేకపోతున్నాను.

మొదట ‘సార్వత్రిక కనీస ఆదాయం’ అని అడిగితే ఎవరికీ అర్థం కాలేదు. ‘నెలకు వెయ్యి రూపాయలు అందరికీ’ అన్నాను. దాదాపు అందరూ సరే అన్నారు, కానీ కొత్త స్కీమ్ అనుకుని ఆధార్ జిరాక్స్ తెచ్చిచ్చారు. ఒక అవ్వ పింఛను పోతుందేమోనని ఏడ్చింది. ఆ రోజంతా నాకు మనసు బాగోలేదు.

2016 యూరోపియన్ సోషల్ సర్వే ప్రశ్నలో ఈ ఆదాయం చాలా ఇతర సాయాలకు బదులుగా వస్తుందని స్పష్టంగా ఉంది. అలాగే ‘రేషన్ బియ్యం, పింఛను బదులు’ అని చేర్చాను. అంతే, అవే ఇళ్లవాళ్లు వద్దన్నారు. ‘భూమి లేనోళ్లకూ ఇచ్చే రైతుబంధు లాంటిది’ అని చెప్పి చూస్తే మాట కౌలు రైతుల గొడవలోకి వెళ్లిపోయింది. ఇది చదువు కోసమే అని ముందే చెప్పినా లాభం లేదు.

ఊళ్లలో సర్వేలు చేసినవాళ్లు చెప్పండి: స్కీమ్ అనుకోకుండా, పింఛను పోతుందన్న భయం లేకుండా జనం అసలు అభిప్రాయం చెప్పాలంటే ఈ ప్రశ్నను ఏ మాటల్లో అడగాలి?