అలాస్కాలో ఓడ ప్రయాణం, భూయాత్ర: రెండూ ఒకే సంస్థ చేతిలో పెట్టాలా?

డల్లాస్ నుంచి (ప్రశ్న)

వచ్చే వేసవిలో మా అమ్మానాన్నలు గుంటూరు నుంచి ఇక్కడికి వస్తున్నారు. ఇద్దరికీ డెబ్బై దగ్గర పడ్డాయి, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. మేమిద్దరం, మా పిల్లలిద్దరు, వారితో కలిపి ఆరుగురం అలాస్కా వెళ్లాలనుకుంటున్నాము. కెనడాలోని వాంకూవర్‌లో ఓడ ఎక్కి, కెచికన్, జూనో, స్కాగ్వే రేవులూ, గ్లేసియర్ బే (మంచునదులు దిగే అఖాతం) చూసుకొని, వారం తిరిగేసరికి యాంకరేజ్ దగ్గరి విట్టియర్ రేవులో దిగి, అక్కడి నుంచి డెనాలి నేషనల్ పార్కు మీదుగా ఫెయిర్‌బ్యాంక్స్ చేరి విమానం పట్టుకోవాలని ఆలోచన. ఓడ సంస్థలు ఈ రెండింటినీ కలిపి, లాడ్జీలు, రైలు, బస్సు అన్నీ తామే చూసుకుంటామంటూ క్రూజ్‌టూర్ పేరుతో అమ్ముతున్నాయి. ఓడ వరకు వారి దగ్గర కొని, భూయాత్ర మనమే ఏర్పాటు చేసుకుంటే ఖర్చు తగ్గుతుందని కొందరు, పెద్దవాళ్లను వెంటబెట్టుకొని ఆ సాహసం వద్దని కొందరు అంటున్నారు. ఏది మేలో, ఎందుకు మేలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

న్యూజెర్సీ నుంచి

మీ పరిస్థితిలో ప్యాకేజీయే సరైనదని నా అభిప్రాయం. ఓడ దిగే ముందు రాత్రి పెట్టెలు గది బయట పెడితే, అవి మళ్లీ లాడ్జి గదిలోనే కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషికి ఇది చిన్న సౌకర్యం కాదు. విట్టియర్‌లో ఓడ పక్కనే రైలు ఎక్కించే ప్యాకేజీలు ఉన్నాయి. అలాస్కా రైల్‌రోడ్ బండికి ఓడ సంస్థలు తమ అద్దాల పైకప్పు రైలు పెట్టెలను తగిలించుకుంటాయి కనుక, కూర్చున్న చోటి నుంచే కొండలు, నదులు, అదృష్టం ఉంటే మూస్ జంతువులు కనిపిస్తాయి. అన్నిటికంటే ముఖ్యమైనది బాధ్యత. ఓడ ఆలస్యమైనా, రైలు ఆగిపోయినా, తరువాతి ఏర్పాటు చేయవలసింది వారే. ఆరు విడివిడి బుకింగులు పెట్టుకున్నవాడు మొదటిది తప్పితే మిగిలిన ఐదింటికీ ఫోన్లు చేసుకుంటూ కూర్చోవాలి.

సియాటిల్ నుంచి

పెట్టెల సంగతి, బాధ్యత సంగతి ఒప్పుకుంటాను. కానీ ఆ ప్యాకేజీలో మీకు అమ్ముతున్నది ఏమిటో కాగితం దగ్గర పెట్టుకొని చూడండి. అలాస్కా లోపలి భాగానికి మనం వెళ్లేది ప్రధానంగా డెనాలి నేషనల్ పార్కు కోసం. దాని విస్తీర్ణం సుమారు 60 లక్షల ఎకరాలు, లోపలికి ఉన్నది 92 మైళ్ల రోడ్డు ఒక్కటే. సొంత కారును 15వ మైలు దగ్గరి సావేజ్ నది వరకే రానిస్తారు, ఆ పైన పార్కు బస్సులే దిక్కు. 2021 ఆగస్టులో ప్రెటీ రాక్స్ అనే చోట కొండచరియ జారి రోడ్డు తెగిపోయినందువల్ల బస్సులు 43వ మైలు దగ్గరే వెనక్కి తిరుగుతూ వచ్చాయి. వంతెన పని ఎంతవరకు వచ్చిందో బుక్ చేసుకునే ముందు పార్కు ప్రకటనల్లో చూసుకోవాలి. అంటే అసలు దృశ్యం ఆ బస్సులో గడిపే గంటల్లోనే ఉంది. ప్యాకేజీల్లో చవకవాటిని చూస్తే డెనాలిలో ఒక్క రాత్రి, దానితోపాటు పార్కు ముఖద్వారానికి దగ్గర భాగాన్ని చూపించి వెనక్కి తెచ్చే చిన్న బస్సు యాత్ర. మిగిలిన సమయమంతా లాబీలోనూ, బస్సు కిటికీ పక్కనా, లాడ్జి వారి దుకాణంలోనూ గడిచిపోతుంది.

లాడ్జి పేరు చూసి మోసపోవద్దు. పార్కు ప్రవేశద్వారం పార్క్స్ హైవేలో 237వ మైలు దగ్గర ఉంది. మెకిన్లీ (డెనాలి) పర్వతం పేరు పెట్టుకున్న ఒక పెద్ద లాడ్జి అదే రోడ్డు మీద 133వ మైలు దగ్గర ఉంది. రెంటికీ మధ్య నూరు మైళ్ల పైచిలుకు. ఆకాశం నిర్మలంగా ఉంటే ఆ దక్షిణపు లాడ్జి నుంచి 20,310 అడుగుల శిఖరం అద్భుతంగా కనిపిస్తుంది, కాదనను. కానీ అక్కడ ఒక రాత్రి, ప్రవేశద్వారం దగ్గర ఒక రాత్రి అని రాసి ఉన్నదాన్ని ‘డెనాలిలో రెండు రాత్రులు’ అని చదువుకున్నవారికి మిగిలేది నడుమ రోడ్డు ప్రయాణమే. వేసవిలో వచ్చేవారిలో సుమారు మూడింట ఒక వంతు మందికే ఆ శిఖరం పూర్తిగా దర్శనమిస్తుందని పార్కువారే చెబుతారు. రెండు చోట్ల ఒక్కో రాత్రి పెట్టే బదులు ప్రవేశద్వారం దగ్గరే వరుసగా రెండు, వీలైతే మూడు రాత్రులు ఉంటే ఆ అవకాశం పెరుగుతుంది.

సొంతంగా వెళ్తే ఇది మీ చేతిలో ఉంటుంది. పార్కులో వ్యాఖ్యానంతో నడిచే టూరు బస్సులతోపాటు పచ్చరంగు ట్రాన్సిట్ బస్సులు కూడా ఉన్నాయి. వీటిలో నచ్చిన చోట దిగి, కాసేపు తిరిగి, తరువాతి బస్సులో చోటుంటే ఎక్కవచ్చు. ధర టూరు బస్సు కంటే బాగా తక్కువ, పైగా పదిహేనేళ్ల లోపు పిల్లలకు వాటిలో టికెట్టే లేదు. నలుగురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు ఉన్న కుటుంబానికి ఈ ఒక్క తేడానే చెప్పుకోదగినంత. ప్యాకేజీ బస్సు పెళ్లివారి బస్సులాంటిది, చివరి మనిషి ఎక్కేదాకా కదలదు. నాన్నగారికి మోకాలు పట్టేసిందని మీరు ఒక గంట ఆగాలనుకున్నా అది ఆగదు.

న్యూజెర్సీ నుంచి

కారు నడిపేవారు ఎవరో చెప్పలేదు మీరు. యాంకరేజ్ నుంచి డెనాలికి నాలుగైదు గంటలు, అక్కడి నుంచి ఫెయిర్‌బ్యాంక్స్‌కు మరో 120 మైళ్లు. ఈ దారి పొడవునా ఇంటి పెద్దకొడుకు రోడ్డు వైపే చూస్తూ ఉంటాడు, మిగిలినవాళ్లు కొండలు చూస్తారు. ఒక ఊళ్లో తీసుకున్న కారును మరో ఊళ్లో ఇచ్చేస్తే అదనపు రుసుము భారీగా పడుతుంది. జూలైలో ఏడుగురు పట్టే వ్యాను అలాస్కాలో దొరకడమే కష్టం, దొరికితే ధర చూసి కూర్చోవలసిందే. ఈ లెక్కలన్నీ వేశాక ప్యాకేజీకీ సొంత ఏర్పాటుకీ మధ్య మిగిలే తేడా అంత పెద్దదేమీ కాదు. ఇక శాకాహారుల సంగతి. ఓడలో రోజూ పప్పు, అన్నం, ఏదో ఒక భారతీయ కూర దొరుకుతాయి, ముందుగా అడిగితే వండి పెట్టే ఓడలూ ఉన్నాయి. డెనాలి ప్రవేశద్వారం దగ్గర చాలా లాడ్జి గదుల్లో వంటకు వీలుండదు, చుట్టుపక్కల భోజనశాలల్లో సాల్మన్ చేప తప్ప మాట లేదు. అమ్మగారు ఏం తింటారో అది కూడా ప్రణాళికలో రాసుకోండి.

శాన్ హోసే నుంచి

ప్యాకేజీయా, సొంతమా అని తేల్చుకునే ముందు వీసా సంగతి చూడండి, ఎందుకంటే చాలామంది భారతీయ కుటుంబాల ప్రణాళిక ఇక్కడే ఆగిపోతుంది. 1886 నాటి ప్రయాణికుల నౌకా చట్టం ప్రకారం విదేశీ జెండా కింద నడిచే ఓడ సియాటిల్‌లో మనుషులను ఎక్కించుకొని విట్టియర్‌లో దించడానికి వీలు లేదు. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. అందుకే ఒకవైపు ప్రయాణాలు వాంకూవర్ నుంచి మొదలవుతాయి, లేదా అక్కడ ముగుస్తాయి. సియాటిల్ నుంచి బయలుదేరి సియాటిల్‌కే వచ్చే ఓడలు కూడా ఇదే కారణంగా విక్టోరియా వంటి కెనడా రేవును తాకుతాయి.

భారతీయ పాస్‌పోర్టు మీద వచ్చిన మీ తల్లిదండ్రులకు చేతిలో అమెరికా బి-2 (సందర్శక) వీసా ఉన్నా కెనడా సందర్శక వీసా విడిగా కావాలి. మీరు హెచ్-1బి మీద ఉంటే మీకూ కావాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, ఆ కార్డు చాలు. అమెరికాలో పుట్టిన పిల్లలకు విమానంలో వాంకూవర్ వెళ్లడానికి పాస్‌పోర్టు తప్పనిసరి. కెనడా వీసాకు వేలిముద్రలు అమెరికాలో ఉండగానే ఇవ్వవచ్చు. కానీ తల్లిదండ్రులు ఇండియాలో ఉండగానే దరఖాస్తు పెట్టించడం మేలని నేను అంటాను, ఇక్కడికి వచ్చాక పాస్‌పోర్టు వీసా ముద్రకు పంపి, అది తిరిగి వచ్చేదాకా ఎక్కడికీ కదలలేక కూర్చోవడం వృద్ధులకు విసుగు. వాంకూవర్ ఓడరేవులో ఓడ ఎక్కే ముందే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ జరుగుతుందని కూడా గుర్తుంచుకొని, ఆ రోజు కాగితాలన్నీ చేతిసంచిలోనే పెట్టుకోవాలి.

ఇంకొక మాట. మీరు తల్లిదండ్రులకు కొనే సందర్శకుల వైద్య బీమా ఓడలో చేసే వైద్యానికి, కెనడాలో ఉన్న సమయానికి వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలో చదవండి. ఏజెంటు మాట చాలదు. డెనాలి నుంచి పెద్ద ఆసుపత్రి అంటే ఫెయిర్‌బ్యాంక్స్ వెళ్లాలి.

యాంకరేజ్ నుంచి

ఇక్కడే నివసిస్తున్నవాడిగా ఇద్దరితోనూ విభేదిస్తున్నాను. ఈ చర్చ అంతా పెద్ద ఓడ తప్పనిసరి అన్న ఊహ మీద నడుస్తోంది. గ్లేసియర్లు చూడడానికి వారం రోజుల ఓడ అక్కర్లేదు. స్యూవర్డ్ నుంచి కీనై ఫియోర్డ్స్ నేషనల్ పార్కులోకి పగటి పడవలు పోతాయి, ఉదయం ఎక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. మంచుగోడ ముందు పడవ ఇంజను ఆపేస్తారు. కాసేపటికి లోపల ఎక్కడో తుపాకీ పేలినట్లు చప్పుడవుతుంది, మంచుపెళ్ల ఊడి నీళ్లలో పడి అల మన దాకా వస్తుంది. అది చూడడానికి పన్నెండో అంతస్తు డెక్ కంటే ఈ చిన్న పడవే బాగుంటుందని నా అభిప్రాయం. కెనడా వీసా గొడవ లేదు, యాంకరేజ్ నుంచి స్యూవర్డ్‌కు 127 మైళ్లు, సముద్రం పక్కగా పోయే దారి. అక్కడి నుంచి డెనాలికి మీకు నచ్చిన వేగంతో పోవచ్చు.

పెద్ద ఓడల వల్ల ఆగ్నేయ అలాస్కా ఊళ్లు ఎంత ఇబ్బంది పడుతున్నాయో కూడా ఆలోచించండి. జూనోలో రోజుకు ఐదు పెద్ద ఓడలకు మించి రాకూడదని 2024 నుంచి పరిమితి పెట్టుకున్నారు. 2026 నుంచి ఓడల్లోని పడకలను లెక్కగట్టి మామూలు రోజుల్లో 16,000, శనివారం 12,000 మించకూడదని ఓడ సంస్థలతో ఒప్పందం చేసుకున్నారు. జూనో జనాభా ముప్పై రెండు వేల లోపే. ఆ రద్దీలో దిగిన పర్యాటకుడికి అరణ్యం కనిపించదు, వరుసలే కనిపిస్తాయి.

సియాటిల్ నుంచి

యాంకరేజ్ వారి మాటలో సగం నిజం ఉంది. అయితే ఓడను పూర్తిగా కొట్టేయడం వృద్ధుల విషయంలో సరికాదు. గ్లేసియర్ బేలోకి రోజుకు రెండే పెద్ద ఓడలను అనుమతిస్తారు. అక్కడ ఓడ ఏ రేవులోనూ ఆగదు. పార్కు రేంజర్లు ఓడలోకే వచ్చి వివరిస్తారు, మీ నాన్నగారు కుర్చీలోంచి లేవకుండా రోజంతా మంచుకొండలు చూడవచ్చు. నడవలేని మనిషికి ఇంతకంటే అనువైన అడవి దర్శనం ఇంకొకటి నాకు తెలియదు. కాకపోతే అన్ని ఓడలకూ ఆ అనుమతి ఉండదు కనుక మీ ఓడ గ్లేసియర్ బేకు పోతుందో, హబ్బర్డ్ గ్లేసియర్‌తో సరిపెడుతుందో టికెట్టు కొనే ముందే చూసుకోండి.

క్రమం గురించి ఎవరూ మాట్లాడలేదు. ముందు ఓడ, తరువాత నేల అని మీరు అనుకున్నదాన్ని తిరగేయమంటాను. బస్సులు, రైళ్లు, పెట్టెలు సర్దడం, తెల్లవారుజామున లేవడం అన్నీ భూయాత్రలోనే ఉంటాయి. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే అది ముగించి, అలసిన తరువాత ఓడ ఎక్కితే పెట్టె ఒకసారి విప్పి వారం పాటు అలాగే ఉంచుకోవచ్చు. ఫెయిర్‌బ్యాంక్స్‌కు విమానంలో వెళ్లి, డెనాలి చూసుకొని, దక్షిణానికి దిగి విట్టియర్‌లో ఓడ ఎక్కండి.

డల్లాస్ నుంచి

అందరికీ ధన్యవాదాలు. కెనడా వీసా దరఖాస్తు ఈ వారంలోనే పెట్టిస్తున్నాము. అది రాకపోతే యాంకరేజ్ వారు చెప్పిన స్యూవర్డ్ దారి మాకు మిగులుతుంది. వస్తే నేల ముందు, ఓడ తరువాత. డెనాలి ప్రవేశద్వారం దగ్గర వరుసగా మూడు రాత్రులకు గదులు విడిగా తీసుకొని, ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి డెనాలికీ, అక్కడి నుంచి యాంకరేజ్‌కూ కారు కాకుండా అలాస్కా రైల్‌రోడ్ టికెట్లు కొంటాము. అప్పుడు నడిపేవారి సమస్యా ఉండదు, ప్యాకేజీ తొందరా ఉండదు. పెట్టెల బరువు మాత్రం మా మీదే ఉంటుంది. యాంకరేజ్ నుంచి విట్టియర్‌కు ఓడ ఎక్కే రోజు ఉదయమే బయలుదేరితే సరిపోతుందా?

న్యూజెర్సీ నుంచి

సరిపోతుంది, కానీ డెనాలి నుంచి ఆ రోజే రావద్దు. యాంకరేజ్‌లో ముందు రాత్రి తప్పనిసరిగా ఉండండి, ఎందుకంటే డెనాలి నుంచి దక్షిణానికి ఉన్నవి ఒక రైలు మార్గం, ఒక రోడ్డు మాత్రమే. విట్టియర్‌కు రోడ్డు మార్గం రెండున్నర మైళ్ల సొరంగం గుండా పోతుంది. రైలూ కార్లూ అందులో ఒకే వరుసలో పోవాలి కనుక కార్లను వంతులవారీగా వదులుతారు. యాంకరేజ్ వైపు నుంచి గంటకు ఒకసారి, ప్రతి గంటా ముప్పయ్యో నిమిషానికి తలుపు తెరుస్తారు, అది తప్పితే మరో గంట ఆగాలి. ప్యాకేజీవారి బస్సు ఆలస్యమైతే సాధారణంగా ఓడ ఆగుతుంది. మీరు పిలిపించుకున్న వ్యాను ఆలస్యమైతే ఆగదు. అలా తప్పిపోయినవారు తరువాతి రేవులో ఓడను అందుకోవాలి. ఆ రేవు జూనో అయితే, దానికి బయటి నుంచి రోడ్డు లేదు కనుక, ఆరుగురికీ యాంకరేజ్ నుంచి అప్పటికప్పుడు విమానం టికెట్లు కొనాలి. ఆ ఖర్చును మీ సొంత ఏర్పాటు లెక్కలో ఇప్పుడే రాసి చూసుకోండి.