అప్‌డేట్ చేశాక ఆటలకు తాళం పడింది: కొన్న గేమ్ యంత్రం మీద పెత్తనం ఎవరిది?

లంకగట్టు (పి.గన్నవరం)

సభ్యులందరికీ నమస్కారం. 2016లో ధాన్యం అమ్మిన డబ్బుతో మా ఇంటికి సోనీ వారి ప్లేస్టేషన్ 4 (పీఎస్4) అనే గేమ్ యంత్రం ఒకటి కొన్నాను. అది 500 జీబీ హార్డ్ డిస్కుతో వచ్చిన మోడల్. శివారు చేలకు కాలువ నీరు అందినట్టే మా లంకకు ఇంటర్నెట్ కూడా పైవాళ్లందరికీ సరిపోయాక మిగిలితే వస్తుంది కనుక, ఏడాదిన్నరగా దానిని నెట్‌కు కలపకుండానే ఆడుకుంటున్నాము. పదిహేను రోజుల కిందట కొత్త ఆట డిస్కు ఒకటి పెడితే, ముందు సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయమని అడిగింది. ఫోను హాట్‌స్పాట్‌కు కలిపి ఆ పని పూర్తి చేశాను. మరునాడు చూస్తే హార్డ్ డిస్కులో ఉన్న పదకొండు ఆటల్లో తొమ్మిదింటి మీద తాళం బొమ్మ కనిపించింది. మా అమ్మాయి రెండేళ్లుగా ఆడుతున్న ఆట ఆ తొమ్మిదింటిలో ఉంది.

ఇటువంటి పనికి పాత ఉదాహరణ ఉంది. 2010 ఏప్రిల్ 1న సోనీ వారు దీని ముందు మోడల్ పీఎస్3కు 3.21 అప్‌డేట్ ఇచ్చి, కంప్యూటరులా వాడుకునేందుకు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడానికి వీలు కల్పించిన 'అదర్ ఓఎస్' సౌకర్యాన్ని తీసేశారు. అప్‌డేట్ చేసుకుంటే ఆ సౌకర్యం పోతుంది, చేసుకోకపోతే ఆన్‌లైన్ ఆటలు పోతాయి. వేసవిలో కాలువలు కట్టేసినా సార్వాకు మళ్లీ వదులుతారు. అక్కడ కట్టేసింది కట్టేసినట్టే ఉండిపోయింది. అమ్మిన తరువాత ఆ యంత్రం మీద తయారీదారుకు ఏ అధికారమూ ఉండకూడదని నా వాదన. దీనిని కాదనేవారు కారణం చెప్పాలి.

రొయ్యలచెరువు (భీమవరం)

కారణం చెబుతాను. ఎనిమిదేళ్లుగా ఆరు యంత్రాలతో గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను కనుక అప్‌డేట్ల మంచిచెడ్డలు రెండూ నా చేతుల మీదుగా పోయినవే.

అదర్ ఓఎస్ తీసేశారన్నది నిజం. భద్రత కోసమని సోనీ వారు చెప్పారు, ఆ మాట నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. కానీ తీసుకున్నది ఒకటి చెప్పి, ఇచ్చినవి చెప్పకపోవడం న్యాయం కాదు. పీఎస్4కు బయటి హార్డ్ డిస్కు తగిలించుకునే వీలు 2017 మార్చిలో 4.50 అప్‌డేట్‌తోనే వచ్చింది. 250 జీబీ నుంచి 8 టీబీ వరకు ఏ యూఎస్‌బీ 3.0 డిస్కునైనా పెట్టుకోవచ్చు. అంతకు ముందు చోటు చాలకపోతే లోపలి డిస్కును విప్పి మార్చడం ఒక్కటే దారి. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ వన్‌లో అయితే లోపలి డిస్కును కొన్నవాడు మార్చుకునే ఏర్పాటే లేదు, 2014 జూన్ అప్‌డేట్ వచ్చాకే దానికి బయటి డిస్కు తగిలింది. పీఎస్5లో అదనపు నిల్వ కోసం ఎం.2 అనే అర మొదటినుంచీ ఉన్నా, 2021 సెప్టెంబరులో అప్‌డేట్ వచ్చేదాకా అది మూసిన లాకులాగే ఉంది. తయారీదారు చేయి పడకూడదంటే ఇవేవీ ఉండవు.

మీ తాళం సంగతి వేరు. అప్‌డేట్ వల్ల ఆటలకు తాళం పడదు. ఆ ఆటలు ఏ ప్లేస్టేషన్ ఆన్‌లైన్ ఖాతాతో కొన్నారో చెప్పండి.

ధవళేశ్వరం తూము (ధవళేశ్వరం)

ఇద్దరూ అసలు మోసం వదిలేశారు. పెట్టె మీద 500 జీబీ అని వేసి, లోపల సుమారు 408 చూపిస్తారు. మిగిలిన 92 ఎవరి ఖాతాలోకి పోయాయి?

పూతరేకు (ఆత్రేయపురం)

మా 1 టీబీ యంత్రంలో కూడా అంతే, 862 దగ్గర ఆగింది.

రొయ్యలచెరువు (భీమవరం)

తూము గారూ, డిస్కు తయారీదారులు జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్క కడతారు. యంత్రం 1024ను మూడుసార్లు గుణించి లెక్క కడుతుంది. ఆ లెక్కలో 500 కాస్తా 465 అవుతుంది. అందులోంచి సిస్టమ్ సాఫ్ట్‌వేర్ తన వాటా పక్కన పెట్టుకుంటుంది. ఆ పైన ఆటకు ప్యాచ్, అంటే సవరణ ఫైలు, వచ్చినప్పుడు పాత ఫైలు ఉండగానే కొత్తది పక్కన పేర్చుకోవాలి కనుక, 40 జీబీ ఆటకు చిన్న ప్యాచ్ వచ్చినా అంతకు మించి ఖాళీ అడుగుతుంది.

ధవళేశ్వరం తూము (ధవళేశ్వరం)

బస్తా అంటే 75 కేజీలని రైతు తూచి ఇస్తే, మిల్లులో తరుగు తీసి తక్కువ రాసుకుంటారు. ఎందుకని అడిగితే తేమ అంటారు. మీరు చెప్పిన 1024 కూడా నాకు ఆ తేమలాగే వినిపిస్తోంది. లెక్క రెండు రకాలుగా ఉన్నప్పుడు ప్రతిసారీ కొన్నవాడికే ఎందుకు తగ్గుతుంది?

లంకగట్టు (పి.గన్నవరం)

తూము గారి ప్రశ్న సరైనదే, కానీ నా ప్రశ్న అంతకంటే పెద్దది. పెత్తనం హార్డ్ డిస్కుతో ఆగదు, కెమెరాతో ఇంట్లోకి వస్తుంది. 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌ను ప్రకటించినప్పుడు కినెక్ట్ కెమెరా తగిలించకపోతే యంత్రం పనిచేయదన్నారు. జనం గోల పెట్టాక ఆ ఆగస్టులో ఆ షరతును వదులుకున్నారు. మరుసటి ఏడాది జూన్‌లో కెమెరా లేకుండా 399 డాలర్లకు అమ్మారు, అదీ 499 నుంచి దిగి. అంటే వంద డాలర్ల కన్ను ఒకటి కొన్నవాడి మీద రుద్దారన్నమాట. పైగా ఆ కెమెరా కోసం గ్రాఫిక్స్ శక్తిలో సుమారు పదో వంతు పక్కన పెట్టి ఉంచారు, దానినీ అప్పుడే ఆటలకు వదిలారు.

మా ఇంట్లో కూడా కళ్లకు పెట్టుకుని ఆడే వీఆర్ కోసమని పీఎస్4 కెమెరా తెచ్చి టీవీ మీద పెట్టారు. దానికి రెండు కళ్లు. మా అమ్మగారు హాల్లోకి వచ్చినప్పుడల్లా దాని మీద తువ్వాలు కప్పుతారు. ముఖం చూసి లాగిన్ అయ్యే యంత్రం ముఖాలన్నిటినీ చూస్తూనే ఉంటుందని ఆవిడ భయం. ఆవిడది చదువురాని భయమని నేను అనలేను.

రొయ్యలచెరువు (భీమవరం)

మీ మండలంలో రొయ్యల చెరువు ఉన్న ప్రతివాడూ గట్టు మీద నాలుగు సీసీ కెమెరాలు పెట్టి, రాత్రి రెండు గంటలకు ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో ఫోనులో చూసుకుంటాడు. ఆ దృశ్యాలు ఎవరి సర్వర్ మీదుగా వస్తున్నాయో ఎవరూ అడగరు. టీవీ మీద కెమెరా అనేసరికి తువ్వాలు బయటికి వస్తుంది. పీఎస్4తో కెమెరా రాదు, విడిగా కొనుక్కోవాలి. అక్కరలేదనుకుంటే తీగ పీకేయండి, చూపు ఆగిపోతుంది. కినెక్ట్ సంగతి ఎత్తారు కనుక చెబుతున్నాను, 2017 అక్టోబరులో దాని తయారీనే ఆపేశారు. ఇంటి ఎదుట ఎండ పడే మన వసారాల్లో పరారుణ కాంతితో పనిచేసే ఆ కెమెరా సగం రోజు మనిషిని పోల్చుకోలేకపోయేది, అది నేను చూశాను.

నా ప్రశ్నకు జవాబు రాలేదు. ఖాతా ఎవరిది?

ఉప్పుగాలి (అంతర్వేది)

నా అనుభవం ఒకటి చెబుతాను. 2022 మే నెలాఖరులో అమలాపురం అల్లర్ల తరువాత కోనసీమ అంతటా ఇంటర్నెట్ ఆపేశారు కదా, ఆ రోజుల్లో నా పీఎస్4లో డౌన్‌లోడ్ చేసిన ఆటలన్నిటికీ ఇలాగే తాళం పడింది. నా ఖాతాకు ఆ యంత్రం 'ప్రైమరీ'గా, అంటే ప్రధాన యంత్రంగా, పెట్టుకోలేదు కనుక ఆట తెరిచే ప్రతిసారీ అది నెట్‌లో అనుమతి అడుగుతుందని తరువాత తెలిసింది. తప్పు నాదే. డిస్కు పెట్టి ఆడే ఆటలు మాత్రం ఆ రోజుల్లోనూ పనిచేశాయి.

లంకగట్టు (పి.గన్నవరం)

ఉప్పుగాలి గారూ, ఆ రోజుల్లో నా యంత్రంలో అన్ని ఆటలూ తెరుచుకున్నాయి. పిల్లలు ఇంట్లోనే ఉండి రోజంతా ఆడారు. అంటే అప్పుడు లేని తాళం అప్‌డేట్‌తోనే వచ్చింది. నా వాదనకు ఇంతకంటే రుజువు ఏం కావాలి?

రొయ్యలచెరువు (భీమవరం)

అది నా వాదనకు రుజువు. నెట్ లేకుండా ఆటలన్నీ తెరుచుకున్నాయంటే, అప్పుడు మీ యంత్రం ఎవరిదో ఒకరి ఖాతాకు ప్రైమరీగా ఉంది. ఇప్పుడు లేదు. ఒక ఖాతాకు ఒక్క పీఎస్4 మాత్రమే ప్రైమరీగా ఉంటుంది. ఆ ఖాతాదారు వేరే చోట మరో పీఎస్4 కొని, ఆ హోదా అక్కడికి మార్చుకుని ఉంటారు. పాత యంత్రం దగ్గరికి రాకుండానే వెబ్‌సైటులోంచి రద్దు చేసే వీలు ఉంది, అది ఆరు నెలలకు ఒక్కసారే ఇస్తారు. మీ యంత్రం ఏడాదిన్నరగా నెట్‌కు దూరంగా ఉంది కనుక ఆ రద్దు సంగతి దానికి తెలియలేదు. మీరు అప్‌డేట్ కోసం హాట్‌స్పాట్‌కు కలిపిన రోజున తెలిసింది. అప్‌డేట్ కేవలం కబురు మోసింది.

మూడోసారి అడుగుతున్నాను. ఆ ఖాతా ఎవరిది?

లంకగట్టు (పి.గన్నవరం)

మీరు పోలీసు స్టేషనులో అడిగినట్టు అడుగుతున్నారు. యంత్రానికి డబ్బు నేను కట్టాను. ఆటలకూ నేనే కట్టాను, నా బ్యాంకు ఖాతా నుంచే. ఖాతా ఎవరి పేరున ఉందన్నది సాంకేతిక విషయం. ఇంతకీ గంటకు ఇంతని వసూలు చేస్తూ ఆరు యంత్రాలు నడిపే మీకు, సొంత వాడకానికే తప్ప వ్యాపారానికి వాడకూడదని అదే ఒప్పందంలో రాసిన సంగతి గుర్తుందా? ఒప్పందాలు మీకు అక్కరలేదు, మాకు మాత్రం పాఠం చెబుతారు.

పూతరేకు (ఆత్రేయపురం)

ఇద్దరూ కాస్త నెమ్మదించాలని మనవి.

రొయ్యలచెరువు (భీమవరం)

నెమ్మదించను, ఎందుకంటే ఆ సాంకేతిక విషయం ఖరీదు నాకు తెలుసు. సెంటరు మొదలుపెట్టినప్పుడు నాకొక భాగస్వామి ఉండేవాడు. ఆటలన్నీ అతని ఖాతాతో కొన్నాము, డబ్బు సగం సగం. రెండేళ్లకు మాటా మాటా వచ్చి అతను విడిపోయాడు. యంత్రాలు పంచుకున్నాము, కుర్చీలు పంచుకున్నాము, ఏసీ కూడా లెక్క వేసుకున్నాము. ఆటలు మాత్రం అతనితోనే వెళ్లిపోయాయి. అడిగితే, పేరు ఎవరిదో చూసుకోమన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆట డిస్కులే కొంటున్నాను. లంకగట్టు గారూ, మీరు కోపగించుకున్నా సరే చెబుతాను. చేను దున్నేది మీరే కావచ్చు, పాసుపుస్తకం మాత్రం వేరేవారి పేరున ఉంది. ఆ ఆటలకు మీరు కౌలుదారు.

లంకగట్టు (పి.గన్నవరం)

ఖాతా మా తమ్ముడిది. చెప్పాను, తృప్తేనా?

వాడు ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఈ యంత్రం కొన్నాను. నాకు ఆ ఇంగ్లీషు ఫారాలు నింపడం చేతకాక వాడి పేరున తెరవమన్నాను. కెమెరా తెచ్చింది కూడా వాడే. ఉద్యోగానికి హైదరాబాదు వెళ్తూ యంత్రం పిల్లల కోసం వదిలేశాడు. అక్కడ ఎవరి దగ్గరో రెండో చేతి పీఎస్4 కొన్నాడని పోయిన నెలలో మా మరదలు చెప్పింది. నేను ఈ రెండు విషయాలనూ కలిపి చూడలేదు, చూడదలచుకోలేదు కూడా. మా ఇద్దరికీ పొలం పంపకాల దగ్గర మాటలు తగ్గాయి. మీరు కౌలుదారు అన్నది నాకు ఎక్కడ తగిలిందో మీకు తెలియదు. ఇంటికి కొన్న వస్తువు ఇంటిది. ఉన్నవాళ్లు వాడుకుంటారు, వెళ్లినవాడు వచ్చినప్పుడు వాడుకుంటాడు. మా నాన్నగారు కొన్న మోటారు సైకిలు ఎవరి పేరున ఉందో మేము ఎన్నడూ చూడలేదు. పేరున్నవాడే సొంతదారు అనే పద్ధతిని ఆ యంత్రం తయారుచేసినవారు పెట్టారు, కనుక నా మొదటి వాదన మారలేదు.

రొయ్యలచెరువు (భీమవరం)

నాకు తెలియక అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాదన మాత్రం తీసుకోను. పేరు చూడకపోతే ఏమవుతుందో మా భాగస్వామి నాకు నేర్పాడు. ఎవరో ఒకరి పేరు లేకుండా ఏ యంత్రమూ ఎవరిదో తేల్చలేదు.

ఉప్పుగాలి (అంతర్వేది)

అన్నగారూ, అమ్మాయి ఆట ఎక్కడిదాకా ఆడిందో ఆ సేవ్ ఫైలు హార్డ్ డిస్కులోనే ఉంటుంది, తాళం పడినా చెరగదు. ఎవరు చెప్పినా ఫార్మాట్ మాత్రం చేయకండి. మా ఉప్పుగాలికి, కరెంటు కోతలకు ఒక హార్డ్ డిస్కు పోయి సర్వం పోగొట్టుకున్నవాడిని. ముందు యూఎస్‌బీలోకి కాపీ తీసుకోండి. ఆ సేవ్ ఏ ఖాతాలో ఆడితే ఆ ఖాతాలోనే మళ్లీ తెరుచుకుంటుంది, అది గుర్తుంచుకోండి.

ధవళేశ్వరం తూము (ధవళేశ్వరం)

ఆ డిస్కులో నిజంగా ఉండేది 408 అని కూడా గుర్తుంచుకోండి.

లంకగట్టు (పి.గన్నవరం)

కాపీ తీసుకున్నాను. ఉప్పుగాలి గారికి కృతజ్ఞతలు. అమ్మాయి ఆడింది మా తమ్ముడి ఖాతాలోనే. సంక్రాంతికి వాడు వస్తే ఆ ప్రైమరీ హోదాను మళ్లీ ఇక్కడికి తేవడానికి ఏం చేయాలో ఎవరైనా చెప్పగలరా? ఇది కేవలం సాంకేతిక ప్రశ్న.

రొయ్యలచెరువు (భీమవరం)

వెబ్‌సైటులో రద్దు చేసే అవకాశాన్ని ఆయన ఈ ఆరు నెలల్లోనే వాడుకుని ఉంటే అది మళ్లీ దొరకదు. కనుక హైదరాబాదులో బయలుదేరే ముందే అక్కడి యంత్రంలో ఖాతా నిర్వహణలోకి వెళ్లి ప్రైమరీని రద్దు చేసి రావాలి. తరువాత మీ ఇంట్లో నెట్ కలిపి, ఆయనే తన పాస్‌వర్డుతో లాగిన్ అయి, మీ యంత్రాన్ని ప్రైమరీగా పెట్టాలి. అయిదు నిమిషాల పని. ఇక్కడ తాళాలు పోతాయి. ఆ తరువాత ఆయన ఖాతాతో కొన్న ఆటలను ఇతరులు తమ ఖాతాలతో అక్కడ ఆడాలన్నా, నెట్ లేనప్పుడు ఆయన ఆడాలన్నా ఆ యంత్రంలో తాళం పడుతుంది. ముందే చెప్పి చేయించండి.

లంకగట్టు (పి.గన్నవరం)

పడనివ్వండి.