బీచ్ దగ్గర క్యారవాన్‌లో రెండ్రోజులు: నిప్పుల మీద వంటకి జాగ్రత్తలు చెప్పండి

సఖినేటిపల్లి_సూరి:
వచ్చే శని, ఆదివారాలు మూడు కుటుంబాలం అద్దె క్యారవాన్‌లో అంతర్వేది వైపు వెళ్తున్నాం. పిల్లలు ఐదుగురు. సాయంత్రం బొగ్గుల మీద చికెన్, రొయ్యలు కాల్చుకుందామని. గ్రిల్ ఎక్కడ పెట్టాలి, చికెన్ ఎలా దాచాలి, వానొస్తే ఎలా, మిగిలిన నిప్పులేం చేయాలి?

మలికిపురం_మావయ్య:
నరసింహస్వామి క్షేత్రం బాబూ, అక్కడ కోడిమాంసం వద్దు. చించినాడ వంతెన మీదుగా పేరుపాలెం బీచ్‌కి పొండి. నిప్పులంటారా, గొయ్యి తీసి ఇసుక కప్పేయడమే. ఇరవై ఏళ్లుగా మాది అదే పద్ధతి.

పాలకొల్లు_పద్మ:
మావయ్యగారూ, దయచేసి ఆ మాట ఇంకెవరికీ చెప్పకండి. రెండేళ్ల కిందట మా పాప అలా కప్పిన చోటే కాలేసింది. పైకి మామూలు ఇసుకే. పొగ లేదు, ఎరుపు లేదు. అరికాలంతా బొబ్బలు. ఎవరో టూత్‌పేస్ట్ పూయబోతే మా ఆడపడుచు చెయ్యి పట్టుకుని ఆపి, ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు పోస్తూనే ఉంది. డాక్టరుగారు కూడా అదే మంచి పని అన్నారు.

మలికిపురం_మావయ్య:
అయ్యో, బాధే తల్లీ. కానీ మేం లోతుగా తీస్తాం. పిల్లల్ని పెద్దవాళ్లు కనిపెట్టుకోవాలి కదా.

పాలకొల్లు_పద్మ:
కనిపెట్టుకునే ఉన్నామండీ! నిప్పు కనపడితేగా!

రిగ్_రిటైర్డ్:
పాతికేళ్లు చమురు రిగ్గుల మీద ఫైర్ సేఫ్టీలో చేశాను. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండుతుంటే చూసినవాణ్ణి. పద్మగారిదే రైటు. ఇసుక కింద బొగ్గు గంటల తరబడి కణకణలాడుతుంది. గాలికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి కొద్దికొద్దిగా నీళ్లు చల్లండి, ఊచతో కలపండి, మళ్లీ చల్లండి. చుయ్యిమనడం ఆగేదాకా అంతే. ఆరిన బొగ్గు ఇనప బకెట్‌లో ఇంటికి తెచ్చుకోండి. సరుగుడు తోటలో మాత్రం అసలు వెలిగించొద్దు. కింద రాలిన ఆకు చిన్న రవ్వకే అంటుకుంటుంది, సాయంత్రం సముద్రపు గాలి దాన్ని తోటలోకే తోస్తుంది.

భీమవరం_బుల్లి:
కొబ్బరి చిప్పలుండగా బొగ్గులెందుకండీ? పండుగొప్ప చేప కాల్చాలంటే చిప్పల నిప్పే. ఆ రుచి దేనికీ రాదు.

రిగ్_రిటైర్డ్:
చిప్పలు టప్‌మని పేలి రవ్వలెగురుతాయి. పిల్లలున్నచోట వద్దు.

భీమవరం_బుల్లి:
తడి చిప్పలు పేలతాయి. రెండు నెలలు ఎండినవి పేలవు. మా ఇంట్లో కుంపటి చిప్పలతోనే. రిగ్గు వేరు, వంట వేరు సార్.

రిగ్_రిటైర్డ్:
నిప్పు ఎక్కడైనా నిప్పేనమ్మా.

రాజోలు_రవి:
మీరు చిప్పల దగ్గరే ఆగిపోయారు. ఆయన వాన సంగతి అడిగారు. చెప్తా వినండి. ఒక నవంబరులో వ్యాన్‌లో ఉండగా వాన పట్టుకుంది. మంట లేదు కదా అని గ్రిల్ లోపల పెట్టి అద్దాలెత్తేశాం. కాసేపటికి మా తమ్ముడికి తలనొప్పి, వాంతి. నాకు నిద్ర ముంచుకొచ్చింది. బయట పడుకున్న డ్రైవరు లోపలికొచ్చి మమ్మల్ని రెక్క పట్టుకుని లాగాడు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, రంగుండదు. బొగ్గు పూర్తిగా ఆరేదాకా వస్తూనే ఉంటుంది. కిటికీ కాస్త తెరిస్తే చాలదు. వాన్లో తడిసి పాడైనా సరే, గ్రిల్ బయటే ఉండనివ్వండి. టెంట్‌లోకీ వద్దు.

సఖినేటిపల్లి_సూరి:
రవిగారూ, ఒళ్లు జలదరించింది. మేమూ లోపల పెట్టుకుందామనే అనుకున్నాం. మరి చికెన్?

భీమవరం_బుల్లి:
రొయ్యల థర్మాకోల్ పెట్టెలో ఐసు నింపి చికెన్ అడుగున పెట్టండి. పచ్చి చికెన్ గిన్నె, పట్టకారు వేరు, కాలిన ముక్కలకి వేరు. ఎముక దగ్గర ఎర్రగా ఉంటే మళ్లీ నిప్పు మీదికే. రొయ్యలైతే మా చెరువువే పంపిస్తా.

మలికిపురం_మావయ్య:
పద్మమ్మా, పాప కాలు ఇప్పుడెలా ఉంది?

పాలకొల్లు_పద్మ:
తగ్గిందండీ. చెప్పుల్లేకుండా మాత్రం ఇసుకలోకి దిగదు.