నాలుగు రాత్రుల దీవి ట్రిప్‌లో డైవింగ్: కోర్సే చేసేయాలా, ఒకసారి దిగి చూస్తే చాలా?

గట్టుమీద_చేప:
అందరికీ నమస్కారం. వచ్చే నెల నేనూ మా ఆవిడా ఒక దీవి రిసార్టుకి వెళ్తున్నాం. నాలుగు రాత్రులు. రానూపోనూ రోజులు తీసేస్తే చేతికి మిగిలేది నిండా మూడు రోజులే. నాకు స్విమ్మింగ్ పూల్లో ఈత వచ్చు గానీ సముద్రంలో నడుము లోతు దాటి ఎప్పుడూ వెళ్లలేదు. ఆవిడకి అసలు ఈత రాదు. రిసార్టు వాళ్లు రెండు రకాలు చెప్తున్నారు: పొద్దున కాసేపు నేర్పి ఆ రోజే సముద్రంలోకి దింపేది ఒకటి, సర్టిఫికెట్ వచ్చే ఓపెన్ వాటర్ కోర్సు ఇంకొకటి. ఎలాగూ అంత దూరం పోతున్నాం కదా, కోర్సే చేసేస్తే జీవితాంతం పనికొస్తుందని నా ఆశ. ఇంకో రెండు సందేహాలు. ఆక్సిజన్ సిలిండర్ ఒకటి ఎంతసేపు వస్తుంది? చివరి రోజు పొద్దున ఒక డైవ్ చేసి సాయంత్రం ఫ్లైట్ ఎక్కొచ్చా?

లోతుకళ్లు:
చివరి ప్రశ్నకి ముందు జవాబు: వద్దు. దీనికి బేరం లేదు. లోతులో పీల్చే గాలిలోని నైట్రోజన్ ఒత్తిడికి ఒంట్లో కరుగుతుంది, పైకి వచ్చాక నిదానంగా బయటికి పోతుంది. అది పూర్తిగా పోకముందే విమానం ఎక్కారనుకోండి, లోపల ఒత్తిడి 6000 నుంచి 8000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది కాబట్టి, సోడా మూత తీసినట్టు ఆ మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టొచ్చు. ఒక్క డైవే చేస్తే కనీసం 12 గంటలు, వరసగా రెండు మూడు చేస్తే కనీసం 18 గంటలు ఆగమని డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సూచన. నేనైతే నిండా 24 గంటలు వదిలేస్తా. అంటే మీ మూడు రోజుల్లో మూడో రోజు మధ్యాహ్నంతో డైవింగ్ ముగిసినట్టే. ముందు ఈ లెక్క వేసుకుని, ఆ తర్వాత కోర్సు సంగతి చూడండి.

ఉప్పుగాలి:
సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదండీ, మామూలు గాలి! ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా మనవాళ్లు ఆక్సిజన్ సిలిండర్ అనే అంటారు, ఆస్పత్రి అలవాటు. అచ్చం ఆక్సిజనే పీలుస్తూ ఆరు మీటర్లు దాటితే అది విషమవుతుంది, మూర్ఛ రావొచ్చు. ఇక ఎంతసేపు అంటే, అది సిలిండర్ని బట్టి కాదు, మిమ్మల్ని బట్టి. మామూలుగా ఇచ్చే అల్యూమినియం ట్యాంక్ దాదాపు 11 లీటర్లది, 200 బార్ ఒత్తిడితో నింపుతారు. 50 బార్ మిగిలి ఉండగానే పైకి వచ్చేయాలి కాబట్టి వాడుకునేది 150 బార్, అంటే 1650 లీటర్ల గాలి. కంగారులో ఉన్న కొత్త మనిషి నిమిషానికి 25 లీటర్లు లాగేస్తాడు అనుకుందాం, పది మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు కాబట్టి అది 50 లీటర్ల కింద లెక్క, అరగంట దాటగానే అయిపోయింది. అదే లోతులో నిదానంగా పీల్చే మనిషి గంట ఉంటాడు. మొదటిసారి నా ట్యాంక్ ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోయింది, మా గుంపంతా నా వల్లే పైకి రావాల్సొచ్చింది, ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

పగడాలపిచ్చి:
గట్టుమీద_చేప గారూ, నేను మీరనుకున్నట్టే చేసి బాధపడ్డా. అయిదు రోజుల ట్రిప్‌లో మూడు రోజులు కోర్సుకే పోయాయి. కిటికీ బయట నీలం నీళ్లు, నేనేమో గదిలో కూర్చుని వీడియో పాఠాలు చూసి పరీక్ష రాయడం. సముద్రంలో చేసిన నాలుగు డైవ్‌లలో కూడా సగం టైం ఇసుక మీద మోకాళ్లపై కూర్చుని మాస్క్‌లో నీళ్లు నింపుకోవడం, ఊదడం, గాలి అందించే రెగ్యులేటర్ నోట్లోంచి తీసి మళ్లీ పెట్టుకోవడం. అవన్నీ రావాల్సినవే, కాదనను. కానీ చేపల్ని చూద్దామని కదా వెళ్లింది! చేయాలనే ఉంటే పాఠాలు ఆన్‌లైన్లో, పూల్ భాగం మీ దగ్గరలోని డైవింగ్ స్కూల్లో ముగించుకుని, అవి అయిపోయాయని చూపే రెఫరల్ కాగితం తీసుకుని వెళ్లండి. అక్కడ సముద్రం డైవ్‌లు నాలుగూ రెండు రోజుల్లో అయిపోతాయి. వచ్చే నెలకే అది కుదరదంటే ఈసారికి ఊరికే దిగి చూసేదే మేలు. దాంట్లో 12 మీటర్ల లోపే ఉంచుతారు, ఇన్‌స్ట్రక్టర్ మిమ్మల్ని పట్టుకునే ఉంటాడు. రంగులన్నీ ఉండేది కూడా ఆ లోతులోపే, కిందికి పోయేకొద్దీ ఎరుపు ముందు మాయమై అన్నీ నీలం బూడిద రంగులోకి తిరుగుతాయి.

తీరం_దాటాక:
నేను ఒప్పుకోను అక్కా. నేను మూడు రోజుల్లో దీవిలోనే కోర్సు చేశా, హాయిగా ఉంది. చిన్న గుంపు, ఇద్దరమే. సర్టిఫికెట్ ఉంటే 18 మీటర్ల దాకా వెళ్లొచ్చు, ఎవరి చెయ్యీ పట్టుకోనక్కర్లేదు. ఒకసారి దిగి చూసేది చేస్తే మళ్లీ వెళ్లినప్పుడు మళ్లీ మొదటి నుంచే కదా?

పగడాలపిచ్చి:
తమ్ముడూ, నీకు రెండో రోజు జలుబు చేసి ఉంటే? మూడు రోజుల కోర్సులో ఒక్క రోజు పోయినా మొత్తం పోయినట్టే. గాలి, అలలు ఎక్కువై బోటు కదలకపోయినా అంతే.

తీరం_దాటాక:
అది నిజమే. నాకు అదృష్టం కలిసొచ్చింది అనుకో.

శంఖం:
జలుబు మాట వచ్చింది కాబట్టి నా కథ చెప్తా. ట్రిప్ రెండో రోజు ముక్కు కొంచెం బిగిసింది. ఇంత దూరం వచ్చి ఊరుకుంటామా అని ముక్కు తెరుచుకునే మాత్ర వేసుకుని దిగా. కిందికి బాగానే వెళ్లా. పైకి వచ్చేటప్పుడు మాత్ర పనితనం అయిపోయింది కాబోలు, లోపల వ్యాకోచించిన గాలి బయటికి పోలేదు, చెవిలో మేకు కొట్టినట్టు నొప్పి. కిందికి వెళ్లేటప్పుడు నొప్పి వస్తే దిగడం మానేసి పైకి రావొచ్చు. పైకి వచ్చేటప్పుడు వస్తే ఎక్కడికి పోతాం, ట్యాంక్‌లో గాలి అయిపోతుంటే? ఇన్‌స్ట్రక్టర్ నన్ను ఒక మీటరు కిందికి దింపి, కాసేపు ఆపి, మళ్లీ అంగుళం అంగుళం పైకి తెచ్చాడు. చెవి దిబ్బడ పోవడానికి వారం పట్టింది. మిగిలిన రెండు రోజులూ కుర్చీలో కూర్చుని సముద్రం చూశా.

కొత్తవాళ్లకి ఒకటే చెప్తా, భయపడాల్సింది సొరచేపకి కాదు, సొంత చెవులకి. అందరూ లోతుకు పోతే ఒత్తిడి అనుకుంటారు గానీ ఇబ్బందంతా మొదటి పది మీటర్లలోనే. నీటి పైన ఒక అట్మాస్ఫియర్, పది మీటర్ల దగ్గర రెండు, అంటే అంతలోనే రెట్టింపు. కర్ణభేరి వెనక ఉండే గాలి అక్కడికి సగానికి కుంచించుకుపోతుంది. అందుకే తల నీళ్లలో మునిగీ మునగగానే మొదలుపెట్టాలి: మాస్క్ మీంచే ముక్కు మూసుకుని మెల్లగా ఊదడం, లేదా గుటక వేయడం. అర మీటరుకోసారి, నొప్పి రాకముందే. నొప్పి వచ్చాక గట్టిగా ఊదితే కర్ణభేరికి ప్రమాదం. తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి లేచి మళ్లీ ప్రయత్నించాలి. ఇంకొంచెం దిగితే అదే సర్దుకుంటుంది అనుకోవద్దు, ఇంకా బిగుసుకుంటుంది. తాడు పట్టుకుని కాళ్లు కిందికి పెట్టి దిగండి, తలకిందులుగా దిగితే కొత్తవాళ్లకి చెవులు తొందరగా తెరుచుకోవు.

ఉప్పుగాలి:
శంఖం గారు చెప్పింది ప్రింటు తీసి గోడకి అంటించుకోవచ్చు. దానికి తోడు ఇంకొకటి: ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకండి, ముఖ్యంగా పైకి వచ్చేటప్పుడు. చెవుల్లో జరిగేదే ఊపిరితిత్తుల్లోనూ జరుగుతుంది, అక్కడ జరిగితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

నీడకింద_తాబేలు:
మెడికల్ ఫారం గురించి ఎవరూ చెప్పలేదే. దిగే ముందు ఒక కాగితం ఇస్తారు, ఆస్తమా, గుండె, చెవి ఆపరేషన్, మూర్ఛ, రోజూ వాడే మందులు, ఇలా. కొన్నిటికి అవునని రాస్తే డాక్టర్ సంతకం లేనిదే దింపరు. నాకు చిన్నప్పుడు ఆస్తమా ఉండేది, నిజమే రాశా. అక్కడున్న అతను నవ్వుతూ కొత్త కాగితం ఇచ్చి అన్నిటికీ లేదు అని టిక్ పెట్టెయ్యండి, బోటు వెళ్లిపోతోంది అన్నాడు. నేను దిగలేదు. డబ్బు కూడా వెనక్కి రాలేదు. ఇంటికొచ్చి డాక్టర్‌కి చూపిస్తే ఊపిరి పరీక్షలన్నీ చేసి ఫర్వాలేదని సంతకం పెట్టారు, మరుసటి ఏడు వేరే చోట హాయిగా దిగా. కాబట్టి ఆ ఫారం ఇప్పుడే రిసార్టు నుంచి మెయిల్లో తెప్పించుకోండి. అలాగే మీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో డైవింగ్ ఉందో లేదో చూడండి, చాలా వాటిలో ఉండదు, ఉన్నా లోతు పరిమితి పెడతారు. నైట్రోజన్ బుడగలు కట్టినవాళ్లకి చికిత్స చేసే ఒత్తిడి గది ఉన్న ఆస్పత్రి దీవికి ఎంత దూరమో కూడా అడగండి. ఆ ప్రశ్నకి తడబడకుండా జవాబు చెప్పే డైవ్ సెంటర్ అయితే నాకు సగం నమ్మకం కుదురుతుంది.

లోతుకళ్లు:
ఎంతమందికి ఒక ఇన్‌స్ట్రక్టర్ అని కూడా అడగాలి. మొదటిసారికి ఇద్దరికి మించి ఒప్పుకోవద్దని నా మాట.

బుడగలబాబు:
ఇంత సీరియస్‌గా ఉంటే ఎలా? నా మొదటి డైవ్ కథ వినండి. కిందికి వెళ్లాం, రంగురంగుల చేపలు, నాకు ఆనందం ఆగలేదు. ఇన్‌స్ట్రక్టర్ ఎలా ఉంది అన్నట్టు చూశాడు. నేను సూపర్ అని బొటనవేలు పైకి చూపించా. ఆయన నన్ను మెల్లగా పైకి తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. నాకు అర్థం కాక మళ్లీ ఇంకా గట్టిగా బొటనవేలు చూపించా! నీటి పైకి వచ్చాక ఏమైంది అని ఆయన, ఎందుకు తెచ్చారు అని నేను. నీళ్లలో బొటనవేలు పైకి చూపిస్తే పైకి పోదాం అని అర్థమట. బాగుంది అనాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. పది నిమిషాలు ముందే చెప్పారు, నేనే వినలేదు.

పగడాలపిచ్చి:
మీకు మీసం ఉందా గట్టుమీద_చేప గారూ? నవ్వకండి. ముక్కు కిందుగా ఉన్న వెంట్రుకల మీదుగా మాస్క్‌లోకి నీళ్లు కారుతూనే ఉంటాయి. మొత్తం తీయక్కర్లేదు, ముక్కుకి ఆనుకుని ఉన్న పై అంచు ఒక గీత కత్తిరించుకుంటే చాలు. కళ్లజోడు ఉంటే పవర్ ఉన్న మాస్క్ ఇస్తారేమో ముందే అడగండి. సన్‌స్క్రీన్ కూడా ఆక్సిబెంజోన్ అనే రసాయనం లేనిది తీసుకోండి, పగడాలకి హాని అని పలావు దేశం 2020 నుంచి, హవాయి 2021 నుంచి అలాంటివి అమ్మనివ్వడం లేదు. పొడుగు చేతుల చొక్కా ఉంటే ఇంకా మంచిది.

గట్టుమీద_చేప:
మీసం ఉంది. దండిగానే ఉంది. అందరికీ ధన్యవాదాలు, కోర్సు ఆలోచన ఈసారికి మానుకుంటున్నా. ఆవిడని కూడా దింపమంటారా? ఈత రాకపోయినా ఫర్వాలేదని రిసార్టు వాళ్లు అంటున్నారు.

శంఖం:
ఒకసారి దిగి చూసేదానికి ఈత అడగరు, నిజమే. సర్టిఫికెట్ కోర్సుకి మాత్రం 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, పది నిమిషాలు తేలాలి. కానీ ఆవిడకి దిగాలని ఉందా అన్నది అసలు ప్రశ్న. మీకు ఉందని ఆవిడని తీసుకెళ్తే మాత్రం వద్దు. బోటులో ఆఖరి నిమిషంలో కూడా వద్దనే హక్కు ఎవరికైనా ఉంటుంది, ఎందుకని అడగకూడదు. లైఫ్ జాకెట్ వేసుకుని, తోడు ఒకరు ఉండగా, స్నార్కెల్ అనే ఊపిరి గొట్టంతో నీటి పైనుంచి చూసినా చాలా కనపడుతుంది.

గట్టుమీద_చేప:
వెళ్లొచ్చాం. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

మొదటి రోజు మధ్యాహ్నం నిలబడితే ఛాతీ దాకా వచ్చే నీళ్లలో నేర్పారు. మీసం గీత కత్తిరించుకున్నా కొంచెం కారింది, కానీ ఊది ఖాళీ చేయడం అక్కడే వచ్చేసింది. రెండో రోజు పొద్దున బోటులో వెళ్లి తొమ్మిది మీటర్లు. నా చెవి ఎడమది సతాయించింది, మూడు మీటర్ల దగ్గర రెండుసార్లు పైకి లేచి మళ్లీ దిగాల్సొచ్చింది. శంఖం గారి పోస్టు చదవకపోతే పళ్లు బిగించి దిగేసేవాణ్ణి. ట్యాంక్ ముప్ఫై ఒక్క నిమిషాలు వచ్చింది, ఉప్పుగాలి గారి లెక్క దాదాపు సరిపోయింది! ఏం చూశానంటే, నిజం చెప్పనా, సగం టైం గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ చూసుకోవడమే. చిలకచేపలు పగడాన్ని కొరికే కరకర శబ్దం మాత్రం బాగా గుర్తుంది, ఎటునుంచి వస్తోందో ఎంతకీ తెలియలేదు.

మూడో రోజు పొద్దున ఇంకొకటి, ఈసారి కొంచెం నిదానించా. ట్రిగ్గర్‌ఫిష్ ఒకటి గూడు కాపలా కాస్తూ మా మీదికి వచ్చింది, పెద్దది, పళ్లున్నది. నేను పైకి పోబోతే ఇన్‌స్ట్రక్టర్ కాలు పట్టుకుని పక్కకి లాగాడు. దాని హద్దు గూటి నుంచి పైకి గరాటులా వెడల్పవుతుందట, పైకి పోతే ఇంకా దాని ఇంట్లోనే ఉన్నట్టు. ఆ మధ్యాహ్నం సామాను ఆరేసుకున్నాం, మర్నాడు సాయంత్రం విమానం, 30 గంటలు వదిలాం.

ఆవిడ దిగనంది. లైఫ్ జాకెట్‌తో స్నార్కెల్ చేసింది, గైడ్ చెయ్యి పట్టుకుని. తాబేలు ఆవిడకి కనపడింది, పైకి వచ్చి ఊపిరి తీసుకుని మళ్లీ మునగడం మొత్తం చూసిందట. రెండు డైవ్‌లు చేసిన నాకు కనపడలేదు. ఇది ఇంట్లో రోజుకోసారి వినపడుతోంది. అందుకే ఇంకో ప్రశ్న అడుగుతున్నా: ముప్ఫై దాటాక ఈత నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది? నాకు కాదు.