లాంకషైర్ హాట్‌పాట్: మాంసాన్ని ముందుగా వేయించాలా, పచ్చిదే పేర్చాలా?

బోల్టన్ వంటగది:
లేత గొర్రె మాంసాన్ని, ఉల్లిపాయలను మందపాటి పాత్రలో పేర్చి, పైన బంగాళాదుంప చక్రాలు కప్పి, ఓవెన్‌లో నిదానంగా మగ్గనిచ్చే వంట, ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతపు హాట్‌పాట్. ఈనాటి వంటల పుస్తకాలు చాలావరకు మాంసాన్ని మొదట నూనెలో ఎర్రగా వేయించమంటున్నాయి. ఈ ప్రాంతపు పెద్దవారు కొందరు మాత్రం పచ్చి మాంసాన్నే పేర్చాలని గట్టిగా చెబుతారు. నేను ఆ పెద్దల పక్షం. కాదనేవారు కారణాలతో కాదనవలసిందిగా మనవి.

లెస్టర్ తెలుగింటి కోడలు:
నేను కాదంటున్నాను. నూనెలో నాలుగు నిమిషాలైనా వేగని మాంసానికి నీచు వాసన పోదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. వాసన సంగతి అటుంచినా, మాంసం ఎర్రబడినప్పుడు పుట్టే కమ్మని రుచికి సుమారు 140 డిగ్రీల వేడి, పొడిగా ఉన్న ఉపరితలం కావాలి. మూతపెట్టిన పాత్రలో రసంలో మునిగి ఉన్న ముక్క 100 డిగ్రీలు దాటదు కనుక, ఎన్ని గంటలు ఉడికించినా ఆ రుచి రాదు. పాలిపోయిన ముక్కలను అతిథుల ముందు పెట్టడానికి నాకు చేతులు రావు.

బోల్టన్ వంటగది:
మీరు చెప్పిన వేడి లెక్క సరైనదే గాని, ఈ వంటలో ఎర్రబడే పని మాంసానిది కాదు, బంగాళాదుంపలది. పాత్రను 160 డిగ్రీల వద్ద మూతతో రెండు గంటలు ఉంచి, ఆ తరువాత మూత తీసి, పైవరుసకు వెన్న రాసి, వేడిని 200కు పెంచి అరగంట ఉంచితే, ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒకదానిపై ఒకటి కొంత ఎక్కేలా పేర్చిన ఆ చక్రాల అంచులు కరకరలాడుతూ ఎర్రబడతాయి. కింద మాత్రం మాంసం, ఉల్లి కలిసి తేటగా, కొంచెం తియ్యగా ఉండే రసం నిలుస్తుంది. పైనా కిందా ఉండే ఈ తేడాయే హాట్‌పాట్ ప్రాణం. మాంసాన్నీ వేయిస్తే రెండు చోట్లా ఒకే రుచి పలుకుతుంది.

ఇక నీచు వాసన. అది చాలావరకు గొర్రె కొవ్వులో ఉంటుంది. ఏడాది లోపు గొర్రెపిల్ల మాంసంలో ఆ ఘాటు తక్కువ. పైకి కనిపించే కొవ్వు పొరను కోసేస్తే ఇంకా తగ్గుతుంది. మెడ భాగం తీసుకుంటే మాంసంలోని కొల్లాజెన్ అనే గట్టి పదార్థం నెమ్మదిగా కరిగి జిగురులాంటి జెలటిన్‌గా మారి, పిండి చల్లకుండానే రసాన్ని చిక్కబరుస్తుంది. దుంప చక్రాలను కోసిన తరువాత కడగకపోతే వాటి గంజి కూడా తోడవుతుంది. పొరుగునున్న ఐర్లండ్‌లో సంప్రదాయ ఐరిష్ స్టూను కూడా వేయించని మాంసంతోనే చేస్తారు. అది చప్పగా ఉందని ఎవరూ పక్కన పెట్టలేదు.

పొయ్యిపక్కన:
పెద్దలు చేశారు కనుక అదే సరైనదనే వాదన నిలవదు. ఆల్చిప్పలు చవకగా దొరికిన కాలంలో హాట్‌పాట్‌లో ఆల్చిప్పల మాంసం, గొర్రె కిడ్నీలు కూడా వేసేవారు. ఆల్చిప్పలు ఖరీదయ్యాక వాటిని మానేశారు. వంట మారినప్పుడు, పద్ధతి మాత్రం ఎందుకు మారకూడదు? మరొక మాట: నేను క్యారెట్ కూడా వేస్తాను.

బోల్టన్ వంటగది:
క్యారెట్ వేయాలనిపిస్తే లివర్‌పూల్ వారి స్కౌస్ అనే మాంసపు కూర వండుకోవచ్చు, ఉల్లికాడల్లాంటి లీకులూ, స్వీడ్ అనే దుంపా కావాలంటే వేల్స్ వారి కౌల్ అనే మాంసపు పులుసు ఉంది. హాట్‌పాట్‌లో ఉల్లి తీపి సరిపోతుంది. ఆల్చిప్పలు మానింది ఖరీదు వల్లనే గాని రుచి వల్ల కాదు కదా. మాంసాన్ని వేయించడం వల్ల రుచి పెరుగుతుందని చూపితే నేనూ మారతాను.

లెస్టర్ తెలుగింటి కోడలు:
లేత మాంసం విషయంలో మీ మాట కొంతవరకు ఒప్పుకుంటాను. అయితే మా వీధిలోని హలాల్ దుకాణంలో దొరికేది ముదురు మాంసం. దాని వాసన వేరు, అది మెత్తబడడానికి మూడు గంటలైనా పడుతుంది. దానిని పచ్చిగా పేర్చమంటే నేను ఒప్పుకోను. వూస్టర్‌షైర్ సాస్ రెండు చెంచాలు వేస్తే అందులోని చింతపండు పులుపు కొవ్వు జిడ్డును కొంత విరుస్తుంది, అయినా చాలదు. మాంసాన్ని వదిలి ఎముకలను మాత్రం ఓవెన్‌లో ఎర్రగా కాల్చి, వాటిని నీటిలో మరిగించి స్టాక్ (ఎముకల రసం) కాచి పోస్తే మీకు అభ్యంతరమా?

బోల్టన్ వంటగది:
ముదురు మాంసానికైతే అభ్యంతరం లేదు. లేత మాంసానికి మాత్రం కాల్చని ఎముకల స్టాక్ చాలు. ఏ స్టాక్ అయినా కిలో మాంసానికి అర లీటరుకు మించి పోయవద్దు. రసం పైవరుస దుంపల దాకా పొంగితే అవి ఎర్రబడవు, ఉడికిపోతాయి. పక్కన ఎర్ర క్యాబేజీ ఊరగాయ పెట్టండి. మీరు చెప్పిన జిడ్డును చింతపండు కన్నా అదే బాగా విరుస్తుంది.

పొయ్యిపక్కన:
నా క్యారెట్లు నాకే ఉండనివ్వండి.